పలక పట్టించిన పంతులుకు ఓటేదీ?

టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నిక వచ్చిందంటే కరపత్రాల మీద 'విశ్రాంత ఉపాధ్యాయుడు' అన్న మాట కనబడాల్సిందే. సర్కారు కొలువులో ఉంటూ చట్టసభకు వెళ్లడం కుదరదు, లాభదాయక పదవి అడ్డొస్తుంది. రాజీనామా చేయాలి, వీఆర్‌ఎస్ తీసుకోవాలి, లేదా ఆంధ్రాలో 62, తెలంగాణలో 61 నిండేదాకా ఆగాలి. ఆలోగా ఉపాధ్యాయ సంఘాలైన యూటీఎఫ్‌లోనో, పీఆర్‌టీయూలోనో, ఎస్‌టీయూలోనో మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ మెట్లెక్కుతాడు. ఎవరి పీఎఫ్ లోను ఆగింది, ఎవరి ఇంక్రిమెంటు పడలేదు, ఫైలు డీఈవో ఆఫీసులో ఎవరి బల్ల మీదుంది, అన్నీ నోటికి వచ్చిన మనిషి. శాసనమండలిలో ఆ కుర్చీ అతనిదే కావాలి.

చట్టం మాత్రం అలా అనదు. ముప్పై ఏళ్లు నిండి, రాష్ట్రంలో ఏ అసెంబ్లీ నియోజకవర్గంలోనైనా ఓటుంటే చాలు, సుద్దముక్క పట్టనివాడూ నిలబడొచ్చు. పట్టభద్రుల సీటుకు అభ్యర్థి పట్టభద్రుడు కానక్కర్లేదని 1972లోనే నారాయణస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇక్కడా అదే లెక్క. 2025లో వరంగల్-ఖమ్మం-నల్లగొండ సీటు పీఆర్‌టీయూ నేత శ్రీపాల్‌రెడ్డికి దక్కితే, కరీంనగర్ వైపు సీటు బీజేపీ నిలబెట్టిన ప్రైవేటు విద్యాసంస్థల అధినేత మల్క కొమురయ్యకు వెళ్లింది. గెలుపులో తప్పులేదు, నిబంధనలోనే ఉంది లోపం.

ఓటరు తీర్పుకు మించిన అర్హత ఏముంటుందని కొందరంటారు. సరే, మరి ఓటరు విషయంలో ఇన్ని షరతులెందుకు?

ఓటరుగా నమోదు కావాలంటే ఫారం 19 నింపాలి. నవంబరు 1కి ముందు ఆరేళ్లలో మొత్తం మూడేళ్లు బోధించినట్టు హెడ్‌మాస్టరు ధ్రువీకరించాలి. రిటైరైన మూడేళ్లకు ఓటు పోతుంది, పోటీ హక్కు మాత్రం ఉంటుంది! పోలింగ్ గదిలో ఇచ్చిన ఊదారంగు స్కెచ్‌పెన్నుతోనే, అంకెల్లోనే ప్రాధాన్యం రాయాలి. జీవితమంతా నోటుపుస్తకాల్లో రైటు కొట్టిన చెయ్యి అలవాటుగా టిక్కు పెడితే ఆ ఓటు చెల్లదు.

అసలు అన్యాయం వేరే ఉంది. రాజ్యాంగంలోని 171(3)(సి) అధికరణ ప్రకారం ఓటు సెకండరీ స్థాయికి తగ్గని బడుల్లో చెప్పేవారికే. ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే ఎస్జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచరుకు) లేదు. ఇద్దరే టీచర్లున్న బడిలో ఒక గోడకు ఒకటో తరగతి, ఎదుటి గోడకు మూడో తరగతి కూర్చోబెట్టి 'అ, ఆ' దిద్దించేది అతనే. 2022లో జీవో 117తో ఆంధ్రాలో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు టీచరు ఎమ్మెల్సీలు మాట్లాడారు, కాదనను. కానీ చేతిలోని తరగతులు జారిపోతున్న ఎస్జీటీలు వాళ్ల ఓటర్లు కారు. ప్రాథమిక బడి ఎప్పుడూ ఆఖరి పద్దుగా మిగలడంలో ఈ లెక్కకూ వాటా ఉంది. పునాది తవ్వేవాడికి ఓటివ్వకుండా పైఅంతస్తు మేస్త్రీలతోనే సభ నడుపుతున్నాం.

దీనికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు. మండలి కూర్పును మామూలు చట్టంతో మార్చే వీలు 171(2)లోనే ఉంది. అభ్యర్థికి బోధన అనుభవం తప్పనిసరి చేయాలంటే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఆరో సెక్షన్‌లో ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది. రెండు రాష్ట్రాల ఎంపీల్లో ఒక్కరు ప్రైవేటు బిల్లు పెట్టినా చర్చ మొదలవుతుంది.