సీటు వస్తే వీసా వచ్చినట్టు కాదు

వ్యాసం బాగుంది కానీ, అమెరికాలో ఎగ్జిక్యూటివ్ ఎంబీఏలో (ఉద్యోగం చేస్తూ చదివే ఎంబీఏ) సీటు వస్తే ఎఫ్-1 వీసా వచ్చేస్తుందన్నట్టు రాశారు. అది సరికాదండీ.

ఎఫ్-1 ఫుల్‌టైమ్ చదువుకు ఇచ్చే వీసా. ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ క్లాసులు చాలాచోట్ల రెండు వారాలకోసారి శని, ఆదివారాల్లోనో, నెలకో మూడు రోజులో ఉంటాయి. అలాంటి కోర్సులకు సాధారణంగా యూనివర్సిటీ ఐ-20 (ఎఫ్-1 వీసాకు తప్పనిసరైన పత్రం) ఇవ్వదు. ఐ-20 లేకపోతే 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల వివరాల నమోదుకు అమెరికా ప్రభుత్వం తీసుకునేది) కట్టే మాటే రాదు, ఇంటర్వ్యూ దాకా ఎక్కడికి వెళ్తాం! పోనీ విజిటర్ వీసా మీద వెళ్లి క్లాసుల్లో కూర్చుందామంటే, డిగ్రీకి క్రెడిట్లు వచ్చే చదువు బీ-1/బీ-2 మీద కుదరదు.

మా బావమరిది హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ మాట నమ్మి డిపాజిట్ కట్టేశాడు. తాము వీసా స్పాన్సర్ చేయబోమని తర్వాత యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. వెబ్‌సైట్‌లో ఆ ముక్క ముందునుంచే ఉందట, చూసిందెవరు? డబ్బు సగమే వెనక్కొచ్చింది.

హెచ్-1బీ మీద అక్కడే ఉద్యోగం చేస్తున్నవాళ్లకు ఈ టెన్షన్ లేదు. ఉద్యోగం కొనసాగినంత కాలం వేరే వీసా లేకుండానే వీకెండ్ కోర్సు చదువుకోవచ్చు. హెచ్-4 మీద ఉన్న వాళ్ల భార్య లేదా భర్త కూడా చదవచ్చు.

ఇక్కడి నుంచే వెళ్లాలనుకునే అనుభవజ్ఞులు ఎంఐటీ స్లోన్ ఫెలోస్, స్టాన్‌ఫర్డ్ ఎంఎస్‌ఎక్స్ లాంటి ఏడాది ఫుల్‌టైమ్ కోర్సులు చూడండి. ఖర్చు మాత్రం గుండె గట్టిచేసుకుని చూడాలి.