నాటే రోజు అందరం ఉంటాం

సామూహిక తోటలో మొక్కలు నాటే రోజు మన సందడి చూడాలి. పిల్లలు, టోపీలు, కొత్త చేతి తొడుగులు, గ్రూపు ఫోటోలు. ఆరేడు వారాలు తిరిగి, ఎండ ముదిరి కలుపు ఏపుగా లేచే వేళకి అదే తోటలో నలుగురు కనిపిస్తే గొప్ప. ఆరంభశూరత్వంలో నేనూ తక్కువేం తినలేదు, ఆ కథ కింద చెప్తాను.

సొంత పెరడైతే ఎవరిష్టం వారిది. కానీ అమెరికాలో ఇలాంటి తోటలు కొన్ని సంరక్షణలో ఉన్న భూముల్లో నడుస్తున్నాయి. అక్కడ కట్టడాలు లేపే హక్కుని యజమాని దానంగానో డబ్బుకో ఒక ట్రస్టుకో ప్రభుత్వానికో రాసిచ్చేస్తాడు, రేపు భూమి చేతులు మారినా కొన్నవాడికీ అదే షరతు. జనం కోసం భూమిని కాపాడే ట్రస్టులు 1891లో మసాచుసెట్స్‌లో ట్రస్టీస్ ఆఫ్ రిజర్వేషన్స్ అనే సంస్థ పుట్టినప్పటినుంచీ ఉన్నాయి. ఇంత కట్టుదిట్టంగా మిగిల్చిన నేలలో మనం మడి తీసుకుని సగంలో వదిలేస్తే అది మన మడితో పోదు.

ఎలాగంటారా? మొదటి ఏడాది ఉత్సాహంలో రెండు మడులు రాయించుకున్నాను, నిజానికి ఒక్కటే ఎక్కువ. మధ్యలో నెల రోజులు ఊళ్లో లేను, ఎవరికీ అప్పగించలేదు కూడా. వచ్చేసరికి మోకాలెత్తు కలుపు, కంకులు వేసేసింది. తోటకూర జాతి కలుపు ఒక్క మొక్కే లక్ష దాకా విత్తనాలు రాల్చగలదని, అవి మట్టిలో ఏళ్ల తరబడి పడుకుని ఉంటాయని అప్పటికి నాకు తెలీదు. సిగ్గుతో అంతా పీకి, చల్లారిపోయిన కంపోస్టు కుప్ప మీద పడేసి చేతులు దులుపుకున్నాను. మరుసటి సీజన్లో ఆ ఎరువు అందరూ తలా ఒక బండి పట్టుకెళ్లారు, దాంతోపాటు నా కలుపూ అందరి మడుల్లోకీ వెళ్లింది. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు ఆ కుప్ప పని నేనే చూస్తున్నాను. ఎండుటాకులు సరిపడా కలిపి (ఆకులెంత, పచ్చి చెత్తెంత అని కాదు, వాటిలోని కార్బన్ ముప్ఫై పాళ్లకి నైట్రోజన్ ఒక పాలు అని లెక్క), తడి పిండితే చుక్క రాలేలా ఉంచితే, మూడో రోజుకల్లా లోపల 60 డిగ్రీలు దాటుతుంది. పొద్దున్నే పార పెట్టి తిరగేస్తే ఆవిరికి కళ్లజోడు మసకేస్తుంది. బయటి చెత్త లోపలికి వెళ్లేలా నాలుగైదుసార్లు తిరగేస్తే ఆ వేడికి కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. పచ్చి చెత్తే కుమ్మరిస్తే మాత్రం కంపు కొడుతుంది, పక్కవాళ్లు ఫోన్ చేస్తారు.

నేననేదేంటంటే, మన అసోసియేషన్ పది మడులు అడగడం మానాలి. రెండు తీసుకుందాం, మనుషులం మాత్రం పదిమంది ఉందాం. "ఉద్యోగాలు, పిల్లల క్లాసులు, టైమెక్కడిది" అంటారు, నిజమే, అందుకే రెండంటున్నాను. అలాగని ఎవరికీ పని పంచకుండా అందరిదీ అంటే ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినట్టే అవుతుంది. ఏ వారం నీళ్లెవరు, కలుపెవరు, ఊరెళ్తే ఎవరికి అప్పగిస్తారు అన్నది పేర్లతో గేటు మీద అంటించాలి. ఖాళీ మడిని బోసిగా వదలకుండా పచ్చిరొట్ట, అంటే ఎరువుగా నేలలోనే కలిపేసే మొక్కల విత్తనాలు, చల్లేస్తే, పప్పుజాతిదైతే మరీ మంచిది, వేరు బుడిపెల్లో నైట్రోజన్ పట్టి నేలకిస్తుంది, కలుపుకి చోటూ ఉండదు. మట్టిని లోతుగా తవ్వే సరదా కూడా తగ్గించుకోవాలి, తవ్విన ప్రతిసారీ అడుగున నిద్రపోతున్న విత్తనాలకి వెలుతురు చూపిస్తున్నాం.

ఈ శనివారం కుప్ప తిరగేస్తున్నాం. ఇద్దరు చాలు, పాత బట్టల్లో రండి, ఫోటోలు తీసేవాళ్లెవరూ ఉండరు.