సవరణ: పాత సైకిల్‌కు కొత్త సీటు, క్లిప్పు సంగతి

పాత రాలీ సైకిల్‌కు కొత్త సీటు వేయడం గురించిన పోస్టులో ‘పాత క్లిప్పు ఏ సీటుకైనా పనికొస్తుంది’ అని ఉంది. క్లిప్పంటే సీటు కింది కమ్మీలను పట్టుకుని, సీటును దాని పైపుకు బిగించేది. దాన్ని ఇలా సవరించి చదువుకోండి: పాత సీటుకు, కొత్త సీటుకు కింద కమ్మీలు ఒకేలా ఉంటేనే పనికొస్తుంది.

బ్రూక్స్ కంపెనీ తోలు సీటు బీ66 అడుగున నాలుగు కమ్మీలు, అంటే రెండు జతలు. దాని క్లిప్పే వేరు. ఒక్క జతతో వచ్చేది అదే కంపెనీ బీ67. కొనేముందు సీటు తిరగేసి చూడండి.

క్లిప్పు లోపలి వాషర్లకు సన్నని పళ్లుంటాయి. అవి ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చున్నాకే నట్లు బిగించాలి, అటు కాస్త, ఇటు కాస్త. పళ్లు అరిగి నున్నబడితే ఎంత బిగించినా గతుకుల్లో సీటు ముక్కు లేస్తూనే ఉంటుంది. రేకు ముక్క పెట్టి సర్దుకోవచ్చని చాలామంది అంటారు, నేనైతే వద్దంటాను. బండి నడుస్తుండగా సీటు జారితే ప్రమాదం. క్లిప్పు మార్చేయండి. క్లిప్పు ఎక్కే సీటు పైపు పైకొన కొలత కూడా చూసుకోండి, సాధారణంగా 22.2 మి.మీ.

ఇంకొకటి: తోలు సీటు ముక్కు కింద ఉండే నట్టు సీటును బిగించడానికి కాదు, తోలు సాగినప్పుడు లాగడానికి. కొత్త సీటుకు దాన్ని ముట్టుకోకండి.