రాయికి నోటీసు ఇవ్వాలి

భవన నిర్మాణాల వల్ల పర్యావరణానికి ఎంత నష్టమో ముందే అంచనా వేయాలని 2006లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. బాగానే ఉంది. మరి పర్యావరణం వల్ల భవనాలకు జరుగుతున్న నష్టం మాటేమిటి?

హైదరాబాద్‌లో ఖాజాగూడ, పుప్పాలగూడ వైపు వెళ్లి చూడండి. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట ఏ పర్మిషనూ లేకుండా వచ్చి కూర్చున్న గ్రానైట్ బండలు ఇంకా కదలనంటున్నాయి. ప్లాన్ లేదు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ ఖాళీ లేదు. పాపం, బిల్డరే సొంత ఖర్చుతో బ్లాస్టింగ్ పెట్టి వాటిని ఖాళీ చేయించుకోవాలి. అది అయ్యాక సెల్లార్ల మీద సెల్లార్లు తవ్వుతుంటే భూగర్భజలం దౌర్జన్యంగా చొరబడుతుంది. రాత్రింబవళ్లు మోటార్లు పెట్టి రోడ్డు మీదికి తోడిపోయాలి. తర్వాత ఆ ఫ్లాట్లలో దిగినవాళ్లు ఎండాకాలం ట్యాంకర్ కోసం ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. ఈ రెంటికీ సంబంధం ఉందనేవాళ్లు అభివృద్ధి అంటే గిట్టనివాళ్లు.

పైగా ప్రకృతికి లెక్కలు బాగా తెలుసు. పర్యావరణ అనుమతి 20,000 చదరపు మీటర్ల నిర్మాణం నుంచే కావాలి కాబట్టి, 19,990 దగ్గర ఆపేస్తే దుమ్ము లేవదు, చెట్టు కూలదు. అంతకు మించితే పర్యావరణ ప్రభావం మీద పత్రాలు పెట్టాలి. వాటిని రాసే కన్సల్టెంట్‌ని ఎంచుకునేదీ, ఫీజు ఇచ్చేదీ బిల్డరే. పెళ్లికొడుకు ఎలాంటివాడో వాకబు చేయడానికి అతని మేనమామనే పంపినట్టు. ఆ మేనమామ అబద్ధం చెబుతాడని నేననను. కుర్రాడి మీద ప్రేమ ఉంటుంది, అంతే.

ఇరుగుపొరుగును అడగాలా? అక్కర్లేదు. భవనాలకూ టౌన్‌షిప్‌లకూ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. పక్కింటాయన దుమ్ముకు దగ్గితే అది దగ్గే, అభిప్రాయం కాదు.

శిథిలాల సంగతికి 2016లోనే నియమాలొచ్చాయి. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో రీసైక్లింగ్ ప్లాంట్లున్నాయి. కానీ అర్ధరాత్రి టిప్పర్లకు దారి సరిగా కనపడదు. చెరువు దగ్గర్లో ఉంటే అందులోనే దించేసి వెళ్తాయి. పొద్దునకు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, కాస్త వెనక్కి జరుగుతుంది, ప్లాటు కాస్త ముందుకు వస్తుంది.

మిగిలిన చెరువును వృథా పోనివ్వరు లెండి. ‘లేక్ వ్యూ’ అని చదరపు అడుగుకు ఇంతని అదనంగా తీసుకుంటారు. 2020 అక్టోబరు వానలకు ఆ లేక్ స్వయంగా సెల్లార్లలోకి వచ్చి కార్లను కూడా చూసి వెళ్లింది. దానికి మాత్రం ఏ బిల్డరూ అదనంగా వసూలు చేయలేదు.