బంతిలో వలపక్షం

పాటల వీడియోలకి అమెరికా సంగీత ఛానల్ ఎంటీవీ ఏటా ఇచ్చే వీడియో మ్యూజిక్ అవార్డ్స్ అనగానే గుర్తొచ్చేవి గొడవలూ విడ్డూరాలే. 1984 నాటి తొలి వేడుకలో పెళ్లి గౌను వేసుకుని, 17 అడుగుల కేకు మీంచి దిగి, వేదిక మీద పొర్లుతూ పాడిన మడోనా. 2009లో అవార్డు అందుకుంటున్న గాయని టేలర్ స్విఫ్ట్ చేతిలో మైకు లాక్కున్న ర్యాప్ గాయకుడు కాన్యే వెస్ట్. 2010లో పచ్చిమాంసం గౌనులో వచ్చిన లేడీ గాగా. ఏటా అవార్డుల వేళకి ఇవే క్లిప్పులు ఫోన్లలో తిరుగుతాయి. నా మటుకు నాకు ఆ అవార్డుల చరిత్ర ఈ క్లిప్పుల్లో కన్నా విభాగాల జాబితాలోనే బాగా దొరుకుతుంది. ఏ ఏడు ఏ విభాగం కొత్తగా పుట్టిందో చూస్తే, అంతకుముందు ఎవరిని ఎన్నాళ్లు గుమ్మం బయట నిలబెట్టారో తెలిసిపోతుంది.

ఎంటీవీ 1981 ఆగస్టు 1న మొదలైంది. వీడియో తీయించే ఖర్చు రికార్డు కంపెనీది, దాన్ని వేసి ప్రకటనలు అమ్ముకునే రాబడి ఛానల్‌ది. ఛానల్‌లో పాట పడితే ఊరూరా రికార్డులు అమ్ముడుపోయేవి. అలాంటి తెర మీద తొలి రెండేళ్లూ దాదాపు అంతా తెల్లవాళ్ల రాక్ సంగీతమే. రిక్ జేమ్స్ లాంటి నల్లజాతి గాయకులు బాహాటంగానే దుమ్మెత్తిపోశారు.

1983లో బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌయీ ఇచ్చిన ఇంటర్వ్యూ రికార్డింగు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉంది, వీలైతే చూడండి. ప్రశ్నలు వేయాల్సిన వ్యాఖ్యాత మార్క్ గుడ్‌మన్‌ను బౌయీయే ఎదురు అడుగుతాడు: మీ ఛానల్‌లో నల్లవాళ్లు ఇంత తక్కువెందుకు? ఉన్న ఆ కాసినీ తెల్లవారుజామున రెండున్నరకి వేస్తారెందుకు? గుడ్‌మన్ నీళ్లు నమిలి, మేం న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌ల గురించే కాదు, నల్ల ముఖాలు వరసగా కనిపిస్తే హడలిపోయే చిన్న ఊళ్ల గురించి కూడా ఆలోచించాలి కదా అంటాడు. బౌయీ గొంతు పెంచడు. మర్యాదగా తలూపుతూ వింటాడు. ఆ తలూపుడు ఏ తిట్టుకూ తీసిపోదు.

ఆ ఏడాదే మైకేల్ జాక్సన్ పాటలు తెర మీదకి ఎక్కాయి. తన కంపెనీ వీడియోలన్నీ వెనక్కి తీసుకుంటానని జాక్సన్ రికార్డులు తెచ్చే సీబీఎస్ రికార్డ్స్ అధిపతి వాల్టర్ యెట్నికాఫ్ బెదిరిస్తేనే ఛానల్ దిగొచ్చిందని ఒక కథ. ఛానల్ వాళ్లు అదేం లేదంటారు. ఏదైతేనేం, ఆ ఏడాది చివర్లో 'థ్రిల్లర్' వీడియో వచ్చి దేశాన్ని ఊపేసింది. 1984 సెప్టెంబరు 14న న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో తొలి అవార్డులిచ్చారు. అన్నిటికన్నా పెద్ద అవార్డు 'వీడియో ఆఫ్ ది ఇయర్' మాత్రం ద కార్స్ అనే రాక్ బృందానికి వెళ్లింది. ప్రేక్షకులు ఓటేసి ఇచ్చిన బహుమతి 'థ్రిల్లర్'దే! ఆ రాత్రి అందరికన్నా ఎక్కువగా 5 అవార్డులు గెలిచింది నల్లజాతి జాజ్ విద్వాంసుడు హెర్బీ హాన్‌కాక్. అయితే ఆయన వీడియోలో ఆడేవన్నీ మరబొమ్మలు. హాన్‌కాక్ కనపడేది ఓ మూలనున్న టీవీ పెట్టెలో మాత్రమే. ఎంటీవీలో పడాలంటే తన ముఖం ఎక్కువ కనపడకూడదని తానే అనుకున్నట్టు ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

1988లో ఛానల్, నల్లజాతి కుర్రాళ్లు తాళానికి మాటలు దొర్లించే ర్యాప్ పాటలకంటూ ఒక కార్యక్రమం పెట్టింది, జనం ఎగబడ్డారు. మరుసటి ఏడే ర్యాప్ వీడియోకి వేరే అవార్డు పుట్టింది. మంచిదే. ఆ విభాగం లేకపోతే ఆ కుర్రాళ్లకి ఆ హాల్లో కుర్చీ కూడా దొరికేది కాదేమో. కానీ విస్తరి వేసింది పక్క బంతిలో. పెద్ద అవార్డు దారి పెద్ద అవార్డుదే: ద కార్స్ తర్వాత డాన్ హెన్లీ, డైర్ స్ట్రెయిట్స్, పీటర్ గేబ్రియల్, అలా వరసగా 1994 దాకా. 'వీడియో ఆఫ్ ది ఇయర్' ఒక నల్లజాతి బృందం చేతికి రావడానికి 11 ఏళ్లు పట్టింది. 1995లో టీఎల్‌సీ అనే ముగ్గురమ్మాయిల బృందం దాన్ని అందుకుంది.

మధ్యలో తమాషాలూ ఉన్నాయి. వాణిజ్య ప్రకటనల కోసం పాడే గాయకుల్ని ఎద్దేవా చేసిన నీల్ యంగ్ వీడియోను ఛానల్ మొదట వేయనంది. 1989లో పెద్ద అవార్డు దానికే ఇచ్చింది. 1991లో అదే అవార్డు ఆర్.ఈ.ఎం. అనే రాక్ బృందం వీడియోకి వెళ్లింది. దర్శకుడు జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. అందులో కొన్ని ఫ్రేములు చూస్తే మన ఇళ్లలో గోడకి వేలాడే దేవుళ్ల క్యాలెండర్ బొమ్మలే గుర్తొస్తాయి.

కాన్యే వెస్ట్ గొడవని కూడా నల్లవాళ్లకి జరిగిన అన్యాయాల లెక్కలో వేసేవాళ్లున్నారు. నాకు ఒప్పుదల లేదు. నల్లజాతి గాయని బియాన్సేకి అన్యాయం జరిగిందని ఆయన అరిచిన ఆ రాత్రే, కాసేపటికి, పెద్ద అవార్డు ఆమెకే వచ్చింది. ఆమె టేలర్‌ను వేదిక మీదకి పిలిచి మాట్లాడమంది కూడా. పందొమ్మిదేళ్ల పిల్ల చేతిలో మైకు లాక్కోవడాన్ని ఏ చరిత్రా కడగలేదు.

2019లో కె-పాప్‌కి, అంటే కొరియా పాప్ పాటలకి, వేరే విభాగం పెట్టారు. కొరియా కుర్రాళ్ల బృందం బీటీఎస్ అభిమానులు సంబరపడకపోగా మండిపడ్డారు. ప్రపంచమంతా వింటున్న పాటని ప్రధాన విభాగంలో పెట్టకుండా కొరియా వాళ్లు కొరియా వాళ్లతో పోటీ పడండి అంటారా అని వాళ్ల కోపం. ఆ బాధ మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. 'ఆర్ఆర్ఆర్'ను ఆస్కార్ విదేశీ చిత్రాల విభాగానికి మన దేశం తరఫున పంపలేదు. 'నాటు నాటు' నేరుగా ప్రధాన బంతిలోనే కూర్చుని 2023లో ఉత్తమ పాటగా గెలిచింది. వేరే విభాగంలో వచ్చి ఉంటే ఆ రాత్రి మన వీధుల్లో అన్ని టపాసులు పేలేవా?

ఎంటీవీ అవార్డులకే తిరిగొస్తే, 2020లో బీటీఎస్ కొరియన్ పాటతోనే ఉత్తమ పాప్ అవార్డు కూడా కొట్టింది. 2023లో పశ్చిమాఫ్రికా పాప్ సంగీతమైన ఆఫ్రోబీట్స్‌కి మరో విభాగం పుట్టింది. ఇక 2025లో 'సాంగ్ ఆఫ్ ది ఇయర్' తొలిసారి ఒక కె-పాప్ గాయనికి దక్కింది. ఆమె పేరు రోజే. పాట పుట్టింది కొరియాలో మందు తాగేటప్పుడు ఆడుకునే ఒక ఆటలోంచి. ఆ పాటలో ఆమెకి జోడీగా అమెరికా గాయకుడు బ్రూనో మార్స్ ఉన్నాడు.