కొండ ఊరికి పట్నం లెక్క

స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్ అనే కొండ ఊరి మీద పడిన బురద ఆరకముందే, తప్పిపోయిన మనిషి ఆచూకీ దొరకకముందే, కింద మైదానంలో లెక్కల పుస్తకం తెరిచారు. మూడొందల మంది కోసం అంత డబ్బు పోసి మళ్లీ ఊరు కట్టాలా, వాళ్లని కిందికి దించేస్తే పోలేదా అని స్విస్ పత్రికల్లోనే రాతలు మొదలయ్యాయి. ఆర్థికవేత్తలు టీవీల్లో కూర్చుని తలకు ఎంత పడుతుందో చెప్పడానికి పోటీ పడ్డారు. ఇల్లు తగలబడిన వాడి దగ్గరకు పరామర్శకు వెళ్లి, స్థలం అమ్ముతావా అని అడిగినట్టుంది ఇది.

జరిగింది అందరూ చూసిందే. వాలిస్ కాంటన్‌లోని (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) లోట్షెంటాల్ లోయలో, 1,540 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు బ్లాటెన్. పైన నెస్ట్‌హార్న్ శిఖరం నుంచి రోజుల తరబడి బండలు బిర్ష్ హిమానీనదం మీద పడుతూ వచ్చాయి. ముందే పసిగట్టి మే 19 నాటికి ఊరంతా ఖాళీ చేయించారు. కుంటుతున్న ఒక ఆవును హెలికాప్టర్‌కు కట్టి మరీ దించారు. 2025 మే 28 మధ్యాహ్నం ఆ మంచూ బండలూ కలిసి, సుమారు 90 లక్షల ఘనపు మీటర్లు, లోయలోకి దూకాయి. ఊళ్లో 90 శాతం కప్పుకుపోయింది. లోంజా నదికి అడ్డుకట్ట పడి, బురద తగలని ఇళ్లు కూడా నీళ్లలో మునిగాయి. ఒక్కరు చనిపోయారు. ముందుజాగ్రత్త లేకపోతే ఎంతమంది పోయేవారో ఊహించుకోవచ్చు.

ప్రమాదం పొంచి ఉన్నచోట మళ్లీ కట్టొద్దు, ప్రజాధనాన్ని ఆచితూచి వాడాలి అనే వాదనను తోసిపుచ్చలేం. బ్లాటెన్ వాళ్లు కూడా దాన్ని కాదనడం లేదు. ఎక్కడ కట్టొచ్చో, ఎక్కడ కూడదో భూగర్భ శాస్త్రవేత్తలు గీత గీస్తారు, ఆ గీత దాటబోమని ఊరు ముందే చెప్పింది. మా అభ్యంతరం ఖర్చు ఎంతన్న ప్రశ్న మీద కాదు. ఊరు ఉండాలా వద్దా అనే ప్రశ్నను ఆ ఊళ్లో లేనివాళ్లు, తలసరి ఖర్చు చూసి తేల్చేయడం మీద.

ఆ ఊరు ఎలాంటిదో కాస్త చెప్పుకోవాలి. 1433 నాటి కాగితాల్లోనే దాని పేరుంది. ఎండకూ మంచుకూ నల్లబడిన లార్చ్ దుంగలతో కట్టిన ఇళ్లు. ధాన్యం దాచుకునే గాదెలు నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంటాయి. కాలికీ గాదెకీ మధ్య ఒక గుండ్రటి రాతి పలక పెడతారు, ఎలుక ఎక్కకుండా. ఫిబ్రవరి వచ్చిందంటే కుర్రాళ్లు మేక తోళ్లు కప్పుకుని, నడుముకు ఆవు గంట కట్టుకుని, చెక్కతో చెక్కిన భయంకరమైన మాస్కులతో వీధుల్లో జనాన్ని తరుముతారు. చెగ్గెట అంటారు వాళ్లని. మన దసరా పులివేషాలకు చలిదేశపు చుట్టాలనుకోండి.

ఊరి పాలన కూడా అంతే, చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. కౌన్సిలర్లు పూర్తికాలపు రాజకీయ నాయకులు కారు. పగలు సొంత పని, సాయంత్రం ఊరి పని. బడ్జెట్ వస్తే ఓటున్న వాళ్లంతా ఒక గదిలో కూర్చుని చర్చిస్తారు. ఊరు మట్టిలో కలిసిన తర్వాత కూడా బ్లాటెన్ మునిసిపాలిటీ రద్దు కాలేదు. పక్క ఊరు విలర్‌లో తలదాచుకుని పనిచేసింది. ఊరు పోయింది గానీ గుండె పోలేదని ఊరి అధ్యక్షుడు మథియాస్ బెల్వాల్డ్ అన్నది ఈ అర్థంలోనే.

ఇంకో సంగతి. స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు రాయరు, మూలం ఊరు రాస్తారు. తాత ముత్తాతలు ఏ మునిసిపాలిటీ పౌరులో ఆ పేరు. జ్యూరిక్‌లో పుట్టి, జ్యూరిక్‌లో పెరిగి, బ్లాటెన్‌ను పండక్కి తప్ప చూడని వాడి పాస్‌పోర్టులోనూ బ్లాటెన్ అనే ఉంటుంది. లెక్కలు కట్టేవాళ్లు మూడొందలు అంటున్నారే, ఆ మూడొందల్లో వీళ్లు లేరు.

సరే, లెక్కే కావాలంటే లెక్కే వేద్దాం. కానీ పూర్తిగా వేద్దాం.

ఆ లోయలో పారే నది పేరు లోంజా. 1897లో ఆ నది నీళ్లతో కరెంటు తీయడానికి లోయ మొదట్లో, గాంపెల్ అనే ఊళ్లో, ఒక కంపెనీ పెట్టారు. నది పేరే కంపెనీకీ పెట్టుకున్నారు. ఇవాళ అది బాసెల్ కేంద్రంగా ప్రపంచమంతా వ్యాపారం చేసే లోంజా. కోవిడ్ కాలంలో మోడర్నా టీకాకు కావాల్సిన అసలు పదార్థాన్ని వాలిస్‌లోనే ఉన్న దాని విస్ప్ ఫ్యాక్టరీలో కూడా తయారుచేశారు. లోయ దిగువన ఫెర్డెన్‌లో ఆనకట్ట ఉంది, ఆ నీళ్లు ఇప్పటికీ కరెంటు అవుతున్నాయి. ప్రళయం వచ్చిన రోజున దిగువ ఊళ్లను కాపాడటానికి ఖాళీ చేసి సిద్ధంగా ఉంచింది కూడా ఆ ఆనకట్టనే. స్విట్జర్లాండ్ తయారుచేసే కరెంటులో సగానికి పైగా జలవిద్యుత్తే. అందులో పెద్ద వాటా వాలిస్ లాంటి కొండ ప్రాంతాలదే. జ్యూరిక్ కార్యాలయంలో లైటు వేసుకుని కొండ ఊరు దండగ అని రాసే పెద్దమనిషి, ఆ లైటు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి చూసుకోవాలి. ఇది లెక్కలో రాదా?

ఇంకా ఉంది. 2023 మార్చి 19, ఆదివారం. క్రెడిట్ సూయిస్ బ్యాంకు మునిగిపోతుంటే దాన్ని ఇంకో పెద్ద బ్యాంకు యూబీఎస్‌కు అంటగట్టడానికి స్విస్ ప్రభుత్వం 900 కోట్ల ఫ్రాంకుల నష్ట హామీ ఇచ్చింది. శని, ఆదివారాల్లో తేలిపోయింది. తర్వాత పార్లమెంటు దిగువ సభ ఒప్పుకోకపోయినా ఏమీ ఆగలేదు. ఆ హామీ సొమ్ము వాడాల్సిన అవసరం రాలేదు, నిజమే. ఇచ్చిన రోజున ఆ సంగతి ఎవరికి తెలుసు? అప్పుడు ఆర్థిక మంత్రిగా ఉన్న కరిన్ కెల్లర్ సుట్టర్, 2025లో దేశాధ్యక్షురాలి హోదాలో హెలికాప్టర్‌లో వచ్చి బ్లాటెన్‌ను చూశారు. బ్లాటెన్‌కు కేంద్రం వెంటనే ఇచ్చింది 50 లక్షల ఫ్రాంకులు. బీమా కంపెనీలు కట్టిన నష్టం అంచనా 32 కోట్ల ఫ్రాంకులు. బ్యాంకు పెట్టిన చోట మళ్లీ బ్యాంకు ఉండాలా, వాళ్లని ఇంకో పనికి మళ్లిస్తే పోలేదా అని ఆ ఆదివారం ఎవరూ అడగలేదు. మునిగేది బ్యాంకైతే దేశ ప్రయోజనం, ఊరైతే దుబారా!

మంచు కరగడానికి కారణం బ్లాటెన్ ఆవులు కాదు. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాల్లో 10 శాతం మంచు పోయింది. ఈ కొండ ఈ రోజే ఎందుకు కూలిందంటే ఒక్క మాటలో చెప్పలేమని శాస్త్రవేత్తలు అంటారు, అది వాళ్ల జాగ్రత్త. శిఖరాలను పట్టి ఉంచే గడ్డకట్టిన నేల వదులవుతోందని మాత్రం వాళ్లే చెబుతున్నారు. 2024 ఏప్రిల్‌లో వృద్ధ మహిళల సంఘం వేసిన కేసులో, వాతావరణం విషయంలో స్విట్జర్లాండ్ చేయాల్సింది చేయలేదని యూరప్ మానవ హక్కుల కోర్టు తీర్పిచ్చింది. ఆ జూన్‌లోనే స్విస్ పార్లమెంటు రెండు సభలూ మేం చేస్తున్నది చాలు అని తీర్మానించుకున్నాయి. ఏడాది తిరగకముందే బ్లాటెన్ పోయింది. చాలు అన్నవాళ్లే ఇప్పుడు ఖర్చు ఎక్కువ అంటున్నారు.

మమ్మల్ని అన్నిటికన్నా భయపెడుతున్నది ఈ లెక్క ఒక్క ఊరితో ఆగదన్న సంగతి. ఇవాళ బ్లాటెన్‌కు ఒప్పుకుంటే, రేపు ప్రతి కొండ ఊరికీ తలసరి ధర చీటీ అంటిస్తారు. బ్రియెంజ్ అనే ఇంకో ఊరి పైన కొండ జారుతోంది. 2023 జూన్‌లో బండలు ఊరి గుమ్మం దాకా వచ్చి ఆగాయి, 2024 నవంబరులో జనాన్ని మళ్లీ ఖాళీ చేయించారు. 2017లో బోండో మీద కొండ విరిగింది. 2000లో గోండోలో 13 మంది పోయారు. ఇంకా వెనక్కి వెళితే 1806లో గోల్డౌ మొత్తం కప్పుకుపోయి 457 మంది చనిపోయారు. అప్పటి లెక్కగాళ్లు దాన్ని అలాగే వదిలేయమని ఉంటే, ఇవాళ గోథార్డ్ రైలు మార్గం మీద ఆర్ట్-గోల్డౌ జంక్షన్ ఉండేది కాదు. గోండో, బోండో కూడా మళ్లీ లేచాయి. ఎవరినీ అప్పుడు తలసరి ఖర్చు అడగలేదు. ఇప్పుడు కొత్తగా అడగడం మొదలుపెడితే అది బ్లాటెన్ కోసం వేసిన ప్రశ్నగా మిగలదు, పద్ధతి అవుతుంది. ఆ తర్వాత కొండ ఊరి బడి మూయడానికి, బస్సు ఆపడానికి, పోస్టాఫీసు ఎత్తేయడానికి బండ కూలాల్సిన అవసరం కూడా ఉండదు.

చిన్న మునిసిపాలిటీలు కలకాలం అలాగే ఉండాలని మేం అనడం లేదు. 2006లో గ్లారస్ కాంటన్ జనం ఆరుబయట సభలో నిలబడి, చేతులెత్తి, తమ 25 మునిసిపాలిటీలను మూడింటికి కుదించుకున్నారు. పదిమంది కూడా మిగలని స్థితికి దగ్గరపడ్డ కొరిప్పో అనే కొండ ఊరు 2020లో వెర్జాస్కాలో కలిసిపోయింది. తమ ఊరి సంగతి తామే తేల్చుకోవడం ఆ దేశం గర్వంగా చెప్పుకునే అలవాటు. మునిసిపాలిటీల స్వయం నిర్ణయాధికారం గురించి, కొండ ప్రాంతాల ప్రత్యేక పరిస్థితిని కేంద్రం పట్టించుకోవాల్సిన సంగతి గురించి రాజ్యాంగం 50వ అధికరణంలోనే ఉంది. ఏటా జనవరిలో మన ముఖ్యమంత్రులు పెట్టుబడుల కోసం వెళ్లొచ్చే దావోస్ కూడా అలాంటి ఒక కొండ మునిసిపాలిటీయే. అక్కడ కొండ కదిలితే తలసరి లెక్క ఎవరైనా అడుగుతారా?

బ్లాటెన్ వాళ్లు 2029 నాటికి మొదటి కుటుంబాలు తిరిగి రావాలనుకుంటున్నారు. వస్తారో రారో, ఎందరు వస్తారో వాళ్ల ఇష్టం. కొందరు కిందనే ఉండిపోవచ్చు, అదీ వాళ్ల ఇష్టమే. లెక్కల పెద్దలకు అంత తొందరగా ఉంటే ఒక పని చేయాలి. స్టూడియోలు వదిలి, బాసెల్ నుంచో బెర్న్ నుంచో రైలెక్కి గోప్పెన్‌స్టైన్‌లో దిగి, బస్సు పట్టుకుని లోయలోకి వెళ్లాలి. బ్లాటెన్ జనం కూర్చున్న గదిలో లేచి నిలబడి, ముందు బ్యాంకు హామీ లెక్క, తర్వాత కరెంటు లెక్క చదివి వినిపించాలి. మీ ఊరు మాకు ఖరీదైపోయిందన్న మాట ఆ తర్వాత, వాళ్ల మొహాలు చూస్తూ చెప్పాలి. అంత ధైర్యం లేకపోతే పుస్తకం మూసి నోరు కూడా మూసుకోవాలి.