50 మీటర్ల పరుగుకి 3000 మిల్లీమీటర్ల లెన్స్

పిల్లవాడి డైరీలో స్పోర్ట్స్ డే సర్క్యులర్ అంటించి పంపారంటే ఆ ఇంట్లో రక్షణ శాఖ స్థాయి కొనుగోళ్లు మొదలైనట్టే. తెల్ల బూట్లు పడుతున్నాయా, హౌస్ టీషర్ట్ పొట్టిదైపోయిందా అన్నవి చిన్న విషయాలు, వాటిని అమ్మ చూసుకుంటుంది. నాన్న భుజాల మీద పడేది జాతీయ ప్రాముఖ్యం గల అంశం: మూడో తరగతి బి సెక్షన్ అబ్బాయి పరుగుని రాబోయే తరాల కోసం ఏ కెమెరాతో భద్రపరచాలి?

ఇంత పెద్ద నిర్ణయం ఒక్కరు తీసుకునేది కాదు కాబట్టి కమిటీ పడుతుంది. డల్లాస్‌లో ఉన్న బావమరిది వీడియో కాల్‌లో అధ్యక్షత వహిస్తాడు. "బావా, కొంటే ఫుల్ ఫ్రేమ్ కొను, లేదంటే మానెయ్" అన్నది అతని ప్రారంభోపన్యాసం. ఫుల్ ఫ్రేమ్ అంటే ఫోటోని పట్టే సెన్సార్ పాత ఫిల్మ్ ముక్కంత పెద్దగా ఉండే కెమెరా. అతను తన పిల్లల ఫోటోలన్నీ ఫోన్‌తోనే తీస్తాడన్న సంగతి మినిట్స్‌లోకి ఎక్కదు. గృహప్రవేశానికి ఫోటోలు తీసిన స్టూడియో ఆయన దూరాన్ని దగ్గరికి లాగే, వెలుతురు బాగా పట్టే 70-200 ఎఫ్/2.8 లెన్స్ లేకుండా గ్రౌండ్‌లో అడుగే పెట్టొద్దంటాడు. నిజంగా మంచి లెన్సే. కిలోన్నర దాకా బరువుంటుంది, ఖరీదు లక్ష దాటుతుంది, ముఖ్య అతిథి ప్రసంగం ముగిసేసరికి భుజం పట్టేస్తుంది. ఇక షాపు అబ్బాయికి తెలిసిన కొలమానం మెగాపిక్సెల్ ఒక్కటే. 24 కంటే 45 మంచిది, ఎందుకంటే 45 పెద్దది. పరిగెత్తబోయేవాణ్ని మాత్రం కమిటీలోకి ఎవరూ పిలవరు. వాడు లోపల నిమ్మకాయా చెంచా పట్టుకుని ప్రాక్టీస్ చేస్తుంటాడు.

మెగాపిక్సెళ్ల తర్వాత మనసు లాగేది జూమ్. 2018లో నికాన్ వాళ్లు పీ1000 అని ఒకటి దించారు. 125 రెట్ల జూమ్, 3000 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. దాంతో చంద్రుడి మీద గుంతలు కూడా చూడొచ్చు. చంద్రుడు పాపం మెల్లగా కదులుతాడు, రెడ్ హౌస్ పిల్లాడు అలా కాదు. పైగా ఆ జూమ్‌ని చివరికంటా లాగితే వెలుతురు లోపలికొచ్చే కన్నం, అదే ఎపర్చర్, ఎఫ్/8కి కుంచించుకుపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది), లోపలున్న సెన్సారేమో చిటికెన వేలి గోరు కంటే చిన్నది. చంద్రమండలంలో స్పోర్ట్స్ డే పెట్టేదాకా మన అవసరం వేరు.

అసలు లెక్క ఇది. 50 మీటర్లు 10 సెకన్లలో పరిగెత్తే పిల్లవాడు సెకనుకి 5 మీటర్లు పోతాడు. కెమెరాకి తలుపులాంటి షట్టర్ 1/60 సెకను తెరుచుకుని ఉంటే ఆ లోపే 8 సెంటీమీటర్లు ముందుకెళ్లిపోతాడు, ఫోటోలో చెవి దాదాపు ముక్కుదాకా సాగుతుంది. అదే 1/1000 సెకను అయితే కదిలేది 5 మిల్లీమీటర్లే, ముఖం ముఖంలాగే ఉంటుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42 సెకన్లలో గీత దాటితే, కాంస్యం 55.41 సెకన్లకి వెళ్లిపోయింది. సెకనులో నూరోవంతు ఎంత పెద్దదో దేశమంతా ఆరోజే తెలుసుకుంది, ఫోన్ పట్టుకున్న నాన్నలు తప్ప. వాళ్లు పిల్లవాడు ఎదురుగా వచ్చాకే బటన్ నొక్కుతారు. ఫోటోలో ట్రాక్ వస్తుంది, సున్నం గీతలు ఎంతో స్పష్టంగా వస్తాయి, ఒక మూల మడమ కూడా వస్తుంది.

కాబట్టి కమిటీతో విభేదిస్తూ నేను సమర్పించే నివేదిక చిన్నదే. ఏపీఎస్-సి సెన్సార్, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది, ఉన్న మామూలు కెమెరా, దానికి 55-250 లాంటి జూమ్ లెన్స్. కొత్తదే అక్కర్లేదు, షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో, అడిగి సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నా చాలు. లెన్సులు మార్చడం తలనొప్పి అనుకుంటే అంగుళం సెన్సార్ ఉన్న బ్రిడ్జ్ కెమెరా, అంటే జూమ్ లెన్స్ ఊడిరాకుండా బిగించి ఉండేది. ఆ అంగుళం 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఐమూలగా కొలిచినా అంగుళం రాదు, సూపర్ బిల్టప్ ఏరియా చెప్పి ఫ్లాట్ అమ్మినట్టు. అయినా చాలా ఫోన్ల సెన్సార్ల కంటే అది పెద్దదే. నిమ్మకాయ చెంచా పోటీకైతే ఇదీ అక్కర్లేదు. అందులో వేగంగా వెళ్లేవాడి నిమ్మకాయ ఎలాగూ కింద పడుతుంది, మిగిలినవాళ్లకి ఫోన్ చాలు.

కొన్నాక మాన్యువల్ చదవమని ఎవరినీ అడగను, అది మన సంప్రదాయం కాదు. చాలా మామూలు కెమెరాల్లో డయల్ మీదో, సీన్ మెనూలోనో పరిగెత్తే మనిషి బొమ్మ ఉంటుంది. అక్కడికి తిప్పితే షట్టర్ వేగం పెరుగుతుంది, ఫోకస్ పిల్లవాడిని వెంబడిస్తుంది, బటన్ నొక్కి పట్టుకుంటే ఫోటోలు వరసగా పడతాయి. కానీ ఆ బొమ్మ వాడటం నామోషీ. మాన్యువల్ మోడ్ పెట్టి, కన్ను చిట్లించి, ఐఎస్ఓ అంటే ఏమిటో పక్కాయనకి వివరిస్తుండగా రేసు అయిపోవడమే నలుగురిలో మర్యాద.

ఒక్క చోట ఆ బొమ్మ మనిషికి కూడా ఆయాసం వస్తుంది: ఇండోర్ షటిల్ కోర్టు. సైనా, సింధు పతకాలు తెచ్చాక హైదరాబాద్‌లో పిల్లల్ని బ్యాడ్మింటన్ కోచింగ్‌లో చేర్చని తల్లిదండ్రులు చుట్టాల దగ్గర సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తోంది. మన కళ్లకి దేదీప్యమానంగా కనిపించే ఆ హాలు కెమెరాకి మాత్రం మసక చీకటే. ఎఫ్/2.8 లెన్స్‌కి అందే వెలుతురులో మామూలు జూమ్ లెన్సుల ఎఫ్/5.6కి దక్కేది నాలుగోవంతు. పైగా మన 50 హెర్ట్జ్ కరెంటు మీద కొన్ని రకాల లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి కాబట్టి వరసగా తీసిన ఫోటోల్లో ఒకటి తెల్లగా, ఒకటి పసుపుగా, ఒకటి సగం నల్లగా తేలుతుంది. ఫ్లాష్ వేస్తే స్మాష్ కొట్టబోయే పిల్ల కళ్లలో పడుతుంది. అప్పుడు కోచ్ మిమ్మల్ని బయటికి పంపుతారు, పంపాలి కూడా. కోర్టు పక్కనే కూర్చునే చోటు దొరికితే చవకలో వచ్చే 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ ఒకటి ఆదుకుంటుంది. లేదంటే తక్కువ వెలుతురులోనూ ఫోటో వెలిగేలా చేసే ఐఎస్ఓ అంకెని 6400కి పెంచడమే. ఫోటో గరుకుగా వస్తుంది, రానివ్వండి. గరుకు ఫోటోలో మనవరాలు కనిపిస్తుంది. అలుక్కుపోయిన ఫోటో చూపిస్తే అమ్మమ్మ కూడా "ఎవరే ఇది?" అంటుంది.

గ్రౌండ్‌లో నిలబడాల్సిన చోటు ముగింపు గీతకి కాస్త అవతల, ఎండ మన వీపు మీద పడేలా, మోకాళ్ల మీద కూర్చుని పిల్లల ఎత్తులో. ఆ చోటు ఖాళీగా ఉండదు. ఒకాయన టాబ్లెట్‌ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని అక్కడ హోర్డింగ్‌లా పాతుకుపోయి ఉంటాడు. ఆయన ముందుకి ఇంకొకరు, ఆ ఇంకొకరి ముందుకి తాడు దాటి మరొకరు. పీఈటీ సార్ గొంతు చించుకుని చెప్పి, ఇక లాభం లేదని గట్టిగా విజిల్ ఊదుతారు. ఆ విజిల్‌కి ఆగేది పరిగెత్తుతున్న పిల్లలు మాత్రమే.

రేసు మళ్లీ పెట్టాక ఎలాగో ఒక మంచి ఫోటో పడుతుంది. రెండు కాళ్లూ గాలిలో, నాలుక బయటికి, ఐడీ కార్డు వీపు మీదికి. క్లాస్ గ్రూప్‌లో పెట్టగానే వాట్సాప్ దాన్ని నలిపి చిన్నది చేస్తుంది, కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి. పంపిన నిమిషానికి జవాబు వస్తుంది: "అన్నా, వెనకాల ఎల్లో టీషర్ట్‌లో ఉన్నది మా వాడే. వాణ్ని ఒక్కణ్నే క్రాప్ చేసి పంపుతారా?" షాపు అబ్బాయి చెప్పిన 45 మెగాపిక్సెళ్లకి పని దొరికేది అప్పుడే.